తిరగబడిన గార్డు పెట్టె

ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీ వాసన కంటే ముందు టంకం వాసన వచ్చేది. ముందు గదిలో కిటికీని ఆనుకుని పొడుగాటి బల్ల. దాని మీద మెడ వంచిన దీపం, భూతద్దం, వేలెడంత సుత్తి, సీసా మూతల్లో గోరంత చక్రాలు. ఇంటాయన ఆ బల్ల ముందు కూర్చుని ఇత్తడి రేకు కోసి, వంచి, అతికి రైలు ఇంజన్లూ పెట్టెలూ చేస్తాడు. అసలు బండిలో ఎనభై ఏడో వంతు. వాటిని బొమ్మలనకూడదు సుమా, అన్నారో ఆ పూట ఆయన అన్నం మానేస్తాడు. నమూనాలనాలి.

ఇలాంటివి సేకరించి అద్దాల బీరువాల్లో దాచుకునేవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ళందరూ ఆయనకు పెట్టిన పేరు మిల్లీమీటరు గారు. మెట్టు మందం దగ్గర్నుంచి రివెట్టు తల దాకా కొలత తప్పడని ఆ పేరు. వెనకాల అనడం మొదలుపెట్టి ఎదురుగానే అనేవారు. ఆయన కోప్పడకపోగా బిరుదిచ్చినట్టు మురిసిపోయేవాడు.

ఆ రోజు ఆయన కూనిరాగం తీస్తున్నాడు. ముక్కుమీద కోపం పెట్టుకు తిరిగే మనిషి పాట పాడుతున్నాడంటే ఏదో పెద్ద పని పూర్తయిందన్నమాటే. నిజానికి అంత పనీ అయింది. గూడ్సు బండికి చిట్టచివర తగిలించే గార్డు పెట్టె అది. ఒక కొసన చిన్న వరండా, దాని వెనక గది, ఆ గది కప్పు మీద కుంపటి పొగగొట్టం, ఒక పక్క గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన కిటికీ గూడు. గార్డు అందులో కూర్చుని బండి పొడవునా చూసుకుంటాడు. ఆ రకం పెట్టెలన్నీ ఎప్పుడో తుక్కు కింద కరిగిపోయాయి, నంబరు కూడా చెరిగిపోయిన పెట్టె పక్కన ఎవరో మనిషి నిలబడి తీయించుకున్న ఫోటో ఒక్కటే మిగిలింది. ఆ ఫోటో ఫిల్మును ఎంతో మందిని బతిమాలి సంపాదించి, స్టూడియోలో పెద్దది చేయించి, బల్ల ఎదురుగా గోడకు అంటించుకుని, చూస్తూ చేశాడు. ఎన్నాళ్ళుగానో కాచుకున్నవాళ్ళు ఎగబడి కావాలంటే అందరికీ తలా ఒకటి చేశాడు. ఆ పెట్టెలన్నీ ఇవాళ కొరియర్లో వెళ్ళాలి.

"ఆ స్పాంజి ఇంకాస్త మందంగా వెయ్యి. దారిలో కుదుపులకి మెట్లు విరిగితే నా పేరు పోతుంది" అన్నాడు భార్యతో.

"అలాగేనండీ" అంది ఆమె. అట్టపెట్టెల్లో స్పాంజి కోసి పరుస్తోంది. చేతులు పని చేసుకుపోతున్నాయిగానీ ప్రాణం ప్రాణంలో లేదు. ఆ గార్డు పెట్టె తప్పని ఆమెకు తెలుసు. ఒక్కటి కాదు, అన్నీ తప్పే. ఆయనకు తప్ప ఇంట్లో ఉన్న మిగతా ఇద్దరికీ తెలుసు.

రంగులు వేసే రోజుల్లో బయటపడింది ఆ సంగతి. సన్నని కుంచెతో పెట్టెల మీద అక్షరాలు రాసేది కూతురు. చిట్టి అని పిలుస్తారు. కొనేవాళ్ళతో ఫోన్లో మాట్లాడేదీ, సందేశాలు పెట్టేదీ కూడా ఆ పిల్లే. ఒక మధ్యాహ్నం తండ్రి బజారుకు వెళ్ళినప్పుడు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, ఒకసారి వచ్చి ఈ ఫోటో చూడు. ఈ మనిషి చొక్కా జేబు ఎటుంది?"

"అతని కుడి పక్కన. అయితే ఏమైంది?"

"నాన్న చొక్కాకి ఎటుంటుంది?"

ఆమెకు వెంటనే బోధపడలేదు. చిట్టి ఫిల్ము ముక్క తెచ్చి కిటికీ వెలుగులో పట్టుకుంది. ఫిల్ము అంచున ఉన్న అక్షరాలు సరిగ్గా చదువుకోవాలంటే దాన్ని ఇటు తిప్పాలంది. అలా తిప్పితే జేబు అతని ఎడమ పక్కకు వచ్చింది. స్టూడియోలో ఫిల్మును వెనక్కి తిప్పి పెట్టి ఫోటో పెద్దది చేశారు. అది అద్దంలో చూసిన పెట్టె అన్నమాట. మిల్లీమీటరు గారు కొలతలన్నీ కొలిచి, అద్దంలో పెట్టెనే చేశారు.

"వరండాకి ఎదురుగా నిలబడితే కిటికీ గూడు ఎడమ పక్కన ఉండాలమ్మా. మనవాటికి కుడి పక్కన ఉంది. అతికేశాం, రంగులూ వేసేశాం. ఇప్పుడు మార్చడానికి లేదు. నాన్నకి చెప్పాలి."

"వద్దే" అంది తల్లి. ఆ మాట ఆలోచించకుండానే వచ్చేసింది.

ఎందుకు వచ్చిందో చిట్టికి చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు ఆ బల్ల దగ్గర రెండు కుర్చీలుండేవి. రెండోది ఆయన తమ్ముడిది. ఒకరోజు ఎవరో కొనేవాళ్ళు వచ్చి కూర్చున్నప్పుడు, చక్రాల మధ్య ఎడం ఎక్కువైంది అన్నయ్యా, ఈ ఇంజను పట్టాల మీద నిలబడదు అన్నాడు ఆ తమ్ముడు. ఉన్న మాటంటే ఉలుకెక్కువ కదా. అన్నగారు ఆ ఇంజన్ని తీసి తుక్కుడబ్బాలో పారేసి, నీ సలహా లేకపోతే నా చేతులేం పడిపోవులే అన్నాడు. తమ్ముడు ఇత్తడి అరగదీసే తన ఆకురాళ్ళు గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకోవడమే. మరిది వెళ్ళిపోయినట్టు రేపు కూతురు వెళ్ళిపోతే తను బతకలేననుకుంది ఆమె.

"ఇప్పుడు చెప్పకు. ఇవి వెళ్ళిపోనీ. తర్వాత సమయం చూసి నేనే మెల్లిగా చెప్తాను" అంది.

"మరి కొన్నవాళ్ళ సంగతి?"

"వాళ్ళేం కనిపెడతారు, ఉన్నదే ఒక్క ఫోటో అయితే?"

"కనిపెట్టలేరనే కదమ్మా నా బాధ."

"నా మాట విను. నాన్నకి చెప్పనని నా మీద ఒట్టెయ్యి."

చిట్టి చాలాసేపు తల్లి మొహం చూసి, నాన్నకి చెప్పనని ఒట్టేసింది. అప్పటి నుంచీ ఆ ఇల్లాలి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. మొగుడికి చెప్పలేదు, కూతురి కళ్ళలోకి చూడలేదు. సమయం చూసి చెప్తానందిగానీ ఆ సమయం రానే లేదు. ఈ పూట గడిస్తే చాలనుకుంటూ స్పాంజి ముక్కలు కోస్తోంది.

ఫోన్ మోగింది. పళ్ళ డాక్టరు చేశాడు. సేకరించేవాళ్ళలో అందరికంటే పాతకాపు, ఫోన్లో కూడా నోరు బాగా తెరవండి అన్నంత గట్టిగా మాట్లాడతాడు.

"మిల్లీమీటరు గారూ, మీ అమ్మాయి పెట్టిన సందేశం ఇప్పుడే చూశాను. అంత నిజం చెప్పాలంటే ధైర్యం కావాలి లెండి. అయితే ఏమనుకోకండి, నాకీ పెట్టె వద్దు. మళ్ళీ సరిగ్గా చేసినప్పుడు మొదటిది నాకే ఇవ్వాలి."

"ఏ సందేశం?" అన్నాడు ఆయన.

అవతల డాక్టరు మీకు తెలీదా అని గొణిగి, పేషెంటు ఎదురు చూస్తోందని పెట్టేశాడు. ఆయన ఫోన్లో సేకరించేవాళ్ళ గుంపు తెరిచి చదువుకున్నాడు. చదువుతున్నంతసేపూ ఆయన పెదాలు కదిలాయి. ఫోటో తిరగబడింది, ఆ సంగతి తెలియక పెట్టెను కుడి ఎడమలు మార్చి చేశాం, తెలిసీ ఇష్టపడినవాళ్ళే తీసుకోండి, వద్దన్నవాళ్ళకి డబ్బు వెనక్కి ఇస్తాం అని ఉంది. తెల్లవారుజామున పెట్టినట్టుంది, అప్పటికే కింద ఎవరెవరో ఏవేవో రాశారు. కొందరు మెచ్చుకున్నారు. కొందరు వద్దన్నారు. మిల్లీమీటరు గారు ఫుట్టు గారయ్యారే అని ఒకడు నవ్వాడు.

"చిట్టీ" అన్నాడు.

వెనక గదిలోంచి వచ్చింది. తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని సిద్ధంగానే ఉంది. మాట పడటానికి తయారై వచ్చిందని తల్లికి అర్థమైంది.

"ఇది నువ్వు పెట్టిందేనా?"

"నేనే నాన్నా."

"నిజమేనా?"

"నిజమే. ఫిల్ము చూపించనా?"

"అక్కర్లేదు. ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"రంగులు వేసేటప్పట్నుంచి."

"నాకు చెప్పలేదేం?"

చిట్టి నేల వైపు చూసిందిగానీ పొరపాటున కూడా తల్లి వైపు చూడలేదు. చూస్తే ఆయనకు తెలిసిపోతుందని చూడలేదు. తన మీద వేసిన ఒట్టును ఆ పిల్ల తూచా తప్పకుండా నిలబెట్టుకుంటోందని, తను మాత్రం కత్తెర పట్టుకుని బెల్లం కొట్టిన రాయిలా నిలబడిందని ఆమెకు తెలుస్తూనే ఉంది.

"ఊరందరికీ చెప్పడానికి నోరొచ్చింది. ఒకే బల్ల దగ్గర కూర్చునే తండ్రికి చెప్పడానికి రాలేదా? మీ బాబాయి నయం. వాడు నా మొహం మీద అన్నాడు. నువ్వు నేను నిద్రపోతున్నప్పుడు పదిమందిలో పెట్టావు. ఇన్నేళ్ళు కూడబెట్టుకున్న పేరు, ఒక్క పూటలో తుడిచిపెట్టావు."

"నేను తుడవలేదు నాన్నా. అవి అలాగే వెళ్ళుంటే, ఎప్పుడో ఒకరోజు ఇంకో ఫోటో బయటికొచ్చుంటే, అప్పుడు..."

"నాకు పాఠాలు చెప్పకు. నీకు అక్షరాలు రాయడం నేర్పింది నేను. కుంచె పట్టుకోవడం నేర్పింది నేను. నాకే నేర్పుతావా? ఇంక ఈ బల్ల దగ్గరికి రావద్దు. నా పని నేను చేసుకోగలను."

ఆ సమయంలోనే గుమ్మం దగ్గర బెల్లు మోగింది. కొరియర్ అతను, భుజాన పెద్ద సంచీ, మొహం నిండా నవ్వు.

"అన్నీ రెడీయేనా సార్? ఇవాళ చాలా ఉన్నాయన్నారు."

"లేవు."

"రేపు రమ్మంటారా?"

"రేపూ లేవు" అని తలుపు వేసేశాడు. పాపం అతనేం చేశాడు, మెట్ల మీద కాసేపు తచ్చాడి వెళ్ళిపోయాడు.

చిట్టి బల్ల చివరికి వెళ్ళింది. తన కుంచెలు ఒక్కొక్కటీ తీసి గుడ్డతో తుడిచి, రబ్బరుబ్యాండు చుట్టింది. రంగు సీసాలు ముట్టుకోలేదు, అవి ఇంటివి. కుంచెలే తనవి. తల్లికి మరిది ఆకురాళ్ళు గుడ్డలో చుట్టుకోవడం కళ్ళకు కట్టింది. అప్పుడూ ఇలాగే నిలబడి చూసింది. అన్నదమ్ముల మధ్య మనకెందుకని ఊరుకుంది. ఆ ఊరుకోవడం వల్ల ఆయనకు తమ్ముడు లేకుండా పోయాడు, తనకు వదినా అని పిలిచే మనిషి లేకుండా పోయాడు. ఇప్పుడు మళ్ళీ ఊరుకుంటే ఈ ఇంట్లో మిగిలేది ఆయనా, తనూ, ఈ బల్లా.

"దాన్నేం అనకండి. చెప్పొద్దన్నది నేను" అంది.

ఆయన తిరిగి చూశాడు. "ఏమిటి?"

"అది ఆ రోజే మీకు చెప్తానంది. నేనే ఒట్టేయించుకున్నాను, మీకు చెప్పొద్దని."

"అమ్మా, ఊరుకో" అంది చిట్టి.

"ఊరుకునే ఇంత దాకా తెచ్చుకున్నాను. ఇంక ఊరుకోను."

"ఓహో" అన్నాడాయన. గొంతు తగ్గింది, దానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది. "తల్లీ కూతురూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారన్నమాట. ఇందాక ఆ తప్పుడు పెట్టెలకి స్పాంజి కోస్తూ కూర్చున్నావు. నేను పాట పాడుతుంటే విన్నావు. లోపల నవ్వుకున్నావా?"

"ఏడ్చానండీ. నవ్వుకోలేదు. రోజూ ఏడ్చాను. మీకు ఒక్క మాట చెప్పాలంటే ముహూర్తం చూసుకోవాలి. ఆ ముహూర్తం ఏ రోజూ కుదరదు. మీరు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. నాలుగో కాలు చూపించినవాడు ఈ గుమ్మం దాటి వెళ్ళాల్సిందే. మీ తమ్ముడు వెళ్ళాడు. ఇప్పుడు దీన్ని వెళ్ళగొడుతున్నారు. ఆ భయంతోనే నేను దాని నోరు మూశాను. తప్పు నాది. కానీ మొగుడికి నిజం చెప్పడానికి పెళ్ళానికి వణుకెందుకు పుట్టాలి, అది కూడా నా తప్పేనా?"

అంత పొడుగు మాట ఆమె ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడి ఉండదు. మాట్లాడాక అట్టపెట్టెల మధ్య నేల మీద కూర్చుండిపోయింది. చిట్టి కుంచెలు పట్టుకునే తల్లి దగ్గరికి వచ్చి పక్కన కూలబడింది. ఇద్దరూ ఏడుస్తున్నారు.

ఆయన తలుపు వైపు ఒకటి రెండు అడుగులు వేశాడు. బయటికి వెళ్ళిపోతాడనుకుంది ఆమె. వెళ్ళలేదు. గోడ దగ్గరికి వెళ్ళి ఫోటో ముందు నిలబడ్డాడు. చొక్కా జేబు మీద వేలు పెట్టి, అప్రయత్నంగా రెండో చెయ్యి తన జేబు మీద పెట్టుకున్నాడు. తర్వాత సొరుగులోంచి ఫిల్ము తీసి కిటికీ వెలుగులో ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు. భూతద్దం పెట్టి ఏదో కొలుస్తున్నట్టు చాలాసేపు చూశాడు. కొలవడానికి అక్కడేమీ లేదు.

"ఇది నేను మొదటి రోజే చూడాల్సింది" అన్నాడు చివరికి, ఎవరితోనూ కాదు. "వాడుంటే మొదటి రోజే చెప్పేవాడు. జేబేమిటి అన్నయ్యా అటుంది అనేవాడు. నేను వాడి మీద ఎగిరేవాణ్ణి. కానీ పెట్టె మాత్రం సరిగ్గా వచ్చేది."

ఆయన సర్దిపెట్టిన అట్టపెట్టె ఒకటి విప్పి, అందులోంచి గార్డు పెట్టె తీసి బల్ల మధ్యలో పెట్టాడు. దీపం వెలిగించాడు.

"చిట్టీ, ఇలా రా. ఇంకేమున్నాయి?"

"ఏమిటి నాన్నా?"

"తప్పులు. నువ్వు చూసే ఉంటావు."

చిట్టి లేచి వెళ్ళింది. తల్లి వైపు చూసింది. తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుని తలూపింది.

"మెట్లు లావయ్యాయి నాన్నా. అసలు మెట్టు ఇంత మందం ఉండదు. విరుగుతాయేమోనని నువ్వు మందం పెంచావు."

ఆయన దవడ బిగుసుకుంది. ఆ బిగువు భార్యకు తెలుసు, దాని వెనకాలే గొంతు లేస్తుంది. ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి పట్టుకుని కూర్చున్నాడు.

"ఇంకా?"

"పొగగొట్టం కొంచెం వంగింది. అన్నిటికీ కాదు. తర్వాత చేసినవాటికి. నీ కళ్ళు ఒకసారి చూపించుకోవాలి నాన్నా. ఇది నేను ఎప్పట్నుంచో చెప్దామనుకుంటున్నాను."

"సరే" అన్నాడు. ఆ చిన్న మాట పలకడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో మెడ నరాలు చూస్తే తెలిసింది. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"నువ్వు కూడా చెప్పు."

"నాకేం తెలుస్తాయండీ ఇవన్నీ?"

"ఏదైనా పూర్తవగానే నీకే చూపించేవాణ్ణి. ఎలా ఉందంటే బాగుందండీ అనేదానివి. ఒక్కసారి కూడా బాలేదనలేదు. అన్నీ నిజంగానే బాగున్నాయా?"

ఆమె కక్కలేక మింగలేక కాసేపు చీర అంచు నలుపుకుంది. భర్త మొహం చూసింది. కోపం కోసం వెతికింది. కళ్ళ కింద సంచులు, చెంప మీద టంకం మసి, అంతే కనిపించాయి.

"మీ మొదటి ఇంజను బాలేదండీ" అంది.

"ఏదీ, బీరువాలో పై అరలో ఉన్నదా? నాన్నా, నువ్వు అందరికీ చూపిస్తావే, అదా?" చిట్టి నోరు తెరిచింది.

"అదే. రంగు ముద్దగా ఉంటుంది. ముందు దీపం కూడా పక్కకి ఒరిగింది. పెళ్ళైన కొత్తలో పరిగెత్తుకుంటూ తెచ్చి నా చేతిలో పెట్టారు. అంత సంబరపడుతుంటే బాలేదని ఎలా చెప్పను? అప్పుడు మొదలైంది. తర్వాత అలవాటైపోయింది."

ఆయన బీరువా వైపు చూశాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మోచేతులు ఆనించి మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. ఆ మనిషి ఏడవడం ఆమె చూడటం అదే మొదలు.

"అయితే ఇన్నేళ్ళూ ఈ బల్ల దగ్గర నేనొక్కణ్ణే కూర్చున్నానన్నమాట" అన్నాడు చేతుల్లోంచి.

ఆమె లేచి వెళ్ళి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఓదార్చడానికి మాట కోసం వెతికిందిగానీ, అబద్ధం కాని మాట ఒక్కటీ దొరకలేదు. అందుకని చెయ్యి మాత్రం తీయకుండా నిలబడింది.

చిట్టి కుర్చీ లాక్కుని తండ్రి పక్కన కూర్చుంది. తల కాస్త వంచి గార్డు పెట్టెను వెలుగులోకి జరిపింది.

"పొగగొట్టం సంగతి ఇంకా పూర్తిగా చెప్పలేదు నాన్నా."

ఆయన మొహం తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"చెప్పు" అన్నాడు.